హైదరాబాద్ – దుబాయ్: దూరం ఒక్కటే, టికెట్ మీద టైమ్ నాలుగు తీర్ల ఎందుకుంది?

జగిత్యాల బస్టాండ్

అన్నా, ఒక లెక్క కుదురుతలేదు. జనవరిల తమ్ముడు శంషాబాద్ నుంచి దుబాయ్ పోతున్నడు. దూరం ఎంతని చూస్తే ఒక సైట్ల 2,546 అని ఉంది, ఇంకో దాంట్ల 1,582, మరో దాంట్ల 1,375. ఏది నమ్మాలె?

విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతదంటరు గదా. 2,546ను 900తోని భాగిస్తే రెండు గంటల యాభై నిమిషాలు వస్తది. టికెట్ మీద మాత్రం తెల్లారగట్ల 4:00కు లేచి 6:30కు దిగుతదని ఉంది, అంటే రెండున్నర గంటలే. టికెట్ చేసినాయనను అడిగితే నాలుగు గంటల ప్రయాణం అంటున్నడు. వాపస్ టికెట్ రాత్రి 10:00కు ఎక్కుడు, 2:55కు దిగుడు. ఇది దాదాపు ఐదు గంటలాయె. జగిత్యాల నుంచి కారు ఎప్పుడు కదలాల్నో కూడా దీన్ని బట్టే చూసుకోవాలె. జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి.

లెక్కల పంతులు

ముందు దూరం సంగతి. మీరు చూసిన మూడూ ఒకటే దూరం. 2,546 కిలోమీటర్లు, 1,582 మామూలు మైళ్లు, 1,375 నాటికల్ మైళ్లు. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. విమానాల వాళ్ల లెక్కలన్నీ నాటికల్ మైళ్లలోనే నడుస్తాయి కాబట్టి పైలట్ల కోసం పెట్టిన సైట్లలో అంకె చిన్నగా కనిపిస్తుంది. పక్కన ప్రమాణం రాయకుండా ఉత్త అంకె వేసే సైట్‌ని అసలు పట్టించుకోకండి.

ఈ 2,546 ఎక్కడినుంచి వచ్చిందో ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు. క్యాలిక్యులేటర్ తెరిచి ఫోన్ అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైన్, కాస్ బటన్లు వస్తాయి. శంషాబాద్ 17.2403 ఉత్తర అక్షాంశం, 78.4294 తూర్పు రేఖాంశం. దుబాయ్ 25.2528, 55.3644. రేఖాంశాల తేడా 23.065.

మొదట రెండు అక్షాంశాల సైన్ విలువలు గుణించండి: 0.29638 × 0.42661 = 0.12644.

తర్వాత రెండు అక్షాంశాల కాస్ విలువలనీ, రేఖాంశాల తేడా కాస్ విలువనీ కలిపి గుణించండి: 0.95507 × 0.90444 × 0.92006 = 0.79475.

రెండూ కూడితే 0.92119. దీనికి కాస్ ఇన్వర్స్ నొక్కితే 22.9 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ 111.195 కి.మీ., కాబట్టి 2,546 కి.మీ.

ఎక్కువమందికి తప్పేది ఒక్క చోటే. క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంటే సమాధానం అర్థంపర్థం లేకుండా వస్తుంది. సైన్ 30 కొట్టి చూడండి, 0.5 వస్తేనే డిగ్రీ మోడ్‌లో ఉన్నట్టు.

ఇంత తతంగం ఎందుకు, పైథాగరస్ చాలదా అంటారా? ఈ దూరానికి చాలుతుంది, కాని ఒక మెలిక ఉంది. రేఖాంశాల తేడాని 111.195తో గుణించాక సగటు అక్షాంశం కాస్‌తో, ఇక్కడ 0.932తో, మళ్లీ గుణించాలి. అలా చేస్తే 2,551 వస్తుంది, ఐదు కిలోమీటర్లే తేడా. ఆ 0.932 మరిచిపోతే 2,715 అవుతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయన్న సంగతిని ఆ కాస్ చూసుకుంటుంది, వదిలేస్తే 170 కి.మీ. గాల్లోంచి పుట్టుకొస్తాయి. అయితే ఈ అడ్డదారిని అమెరికా దూరాలకు వాడొద్దు. హైదరాబాద్ – శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇది 15,900 దగ్గర చూపిస్తుంది. అసలు దూరం 13,540 లోపే. ఆ దారి 72వ ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది, గోడ మీది మ్యాప్‌లో గీత గీస్తే అది కనపడదు.

సైట్ల మధ్య ఐదారు కిలోమీటర్ల తేడాలుంటే కారణాలు వేరు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా విమానాలు బేగంపేట నుంచే నడిచేవి. పాత పట్టికలు ఇంకా బేగంపేట అక్షాంశాలతోనే ఉంటే 2,540 వస్తుంది. భూమిని పూర్తి గోళం కాకుండా ధ్రువాల దగ్గర నొక్కినట్టుగా లెక్కగట్టే సైట్లు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తాయి. దుబాయ్‌లో రెండో విమానాశ్రయం, అంటే ఊరికి దక్షిణాన ఉన్న అల్ మక్తూమ్, తీసుకుంటే 2,555. విమానాశ్రయం బదులు ఊరి నడిబొడ్డు నుంచి కొలిచే సైట్లు కూడా ఉన్నాయి. ఈ తేడాలేవీ ప్రయాణ సమయంలో రెండు నిమిషాలు కూడా మార్చవు.

ఎకానమీ 23ఎఫ్

టైమ్‌కి ఇంత లెక్క అక్కర్లేదు బ్రదర్. కిలోమీటర్లని 900తో భాగించు, అరగంట కలుపు. మూడు గంటల ఇరవై నిమిషాలు. అయిపోయింది.

గాలివాటం

23ఎఫ్ గారి సూత్రం వచ్చేటప్పటికి సరిపోయింది, పోయేటప్పటికి నలభై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గాలిని వదిలేసిన సూత్రం ఏదైనా ఈ రూట్‌లో సగం సార్లు తప్పుతుంది. విడివిడిగా చూద్దాం.

మొదటిది, టికెట్ మీది సమయం గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర చక్రాల కింది దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అక్కడ గేటు దగ్గర మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రెండు చివర్లా గేటుకీ రన్‌వేకీ మధ్య విమానం నేల మీద నడక, వరుసలో నిరీక్షణ కలిపి 20 నిమిషాలు వేసుకోండి. దుబాయ్‌లో రద్దీ వేళ ఇది ఒక్కటే ఇంకో పది నిమిషాలు పెరగొచ్చు.

రెండోది, 1,375 నాటికల్ మైళ్లు గీత దూరం. నిజంగా ఎగిరేది నిర్ణీత మార్గాల వెంట, పైగా లేచేటప్పుడు, దిగేటప్పుడు రన్‌వే దిశకి మలుపు తిరగాలి. నాలుగు శాతం కలపండి, 1,430 అవుతుంది.

మూడోది వేగం. ఈ రూట్‌లో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320 తరగతి విమానం మాక్ 0.78 దగ్గర, అంటే ధ్వని వేగంలో 78 శాతంతో పోతుంది. 35 వేల అడుగుల చల్లటి గాలిలో అది సుమారు 450 నాట్స్ (గంటకు 450 నాటికల్ మైళ్లు), అంటే గంటకు 833 కి.మీ. 900కి దగ్గరగా పోయేవి బోయింగ్ 777 లాంటి పెద్ద విమానాలు, వాటి మాక్ 0.84. మీ తమ్ముడి టికెట్‌లో విమానం రకం రాసి ఉంటుంది, చూడండి. పెద్ద విమానమైతే పది పదిహేను నిమిషాలు తగ్గుతుంది. లేచి ఎత్తు అందుకునేటప్పుడు, దిగేటప్పుడు ఈ వేగం ఉండదు కాబట్టి దానికి మరో 10 నిమిషాలు కలపండి.

ఇక గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద, సుమారు 25–30 అక్షాంశాల దగ్గర, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన పైగాలి పారుతుంటుంది. హైదరాబాద్ – దుబాయ్ దారి దాని దక్షిణపు అంచున పోతుంది. జనవరికి సగటున 50 నాట్స్ ఎదురుగాలి అనుకుని లెక్కేద్దాం. రోజును బట్టి ఇది మారుతుంది.

పోయేటప్పుడు 450 లోంచి 50 తీస్తే 400. 1,430ని 400తో భాగిస్తే 3 గంటల 34 నిమిషాలు. ఎత్తు కోసం 10, నేల మీద 20 కలిపితే 4 గంటల 4 నిమిషాలు.

వచ్చేటప్పుడు 500. భాగిస్తే 2 గంటల 52 నిమిషాలు, ఆ 30 కలిపితే 3 గంటల 22 నిమిషాలు.

గాలి అసలు లేకపోతే 3 గంటల 41 నిమిషాలు రెండు వైపులా.

ఇక్కడొక సంగతి గమనించండి. ఎదురుగాలి తిన్నది 24 నిమిషాలు, వెనకగాలి తిరిగిచ్చింది 19 నిమిషాలే. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టమెప్పుడూ లాభం కంటే ఎక్కువ. "పోను రాను కలిపితే సమానమైపోతుంది" అనే మాట ఇందుకే తప్పు.

సీటు ముందు తెర ఉంటే ఇదంతా కళ్లారా కనిపిస్తుంది. పోయేటప్పుడు నేల వేగం 740 దగ్గర, వచ్చేటప్పుడు 920 దగ్గర ఆడుతుంటుంది. ఎత్తు కూడా చూడండి: పడమరకి పోయే విమానాలకి సరి అంకెలు, అంటే 34, 36, 38 వేల అడుగులు, తూర్పుకి పోయేవాటికి బేసి, 35, 37 వేలు ఇస్తారు. ఎదురెదురు విమానాలు ఒకే ఎత్తులో పడకుండా పెట్టిన పద్ధతి ఇది.

జూలై, ఆగస్టులో ప్రయాణమైతే ఈ తేడా చాలావరకు తగ్గిపోతుంది. వానాకాలంలో జెట్ స్ట్రీమ్ హిమాలయాల అవతలికి జరుగుతుంది, దక్షిణాది మీద పైగాలులు తూర్పు నుంచి పడమరకి మళ్లుతాయి. టైమ్‌టేబుల్‌లో వేసవికీ చలికాలానికీ నిమిషాలు మారడానికి ఇదొక ముఖ్య కారణం.

టికెట్ కిటికీ

పైవాళ్లు గాలినీ దూరాన్నీ తేల్చేశారు కాబట్టి గడియారం సంగతి నేను చెప్తా. టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. మనం యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి, ఐదున్నర గంటలు ముందు, దుబాయ్ నాలుగు గంటలు ముందు. తేడా గంటన్నర. రెండు చోట్లా వేసవి గడియారం మార్చడాల్లేవు కాబట్టి ఏడాదంతా ఇదే.

4:00కి ఎక్కి నాలుగు గంటలు పోతే మన గడియారంలో 8:00, గంటన్నర తీస్తే అక్కడ 6:30. రాత్రి 10:00కి అక్కడ ఎక్కి 3 గంటల 25 నిమిషాలు వస్తే అక్కడి గడియారంలో 1:25, గంటన్నర కలిపితే ఇక్కడ 2:55. టికెట్ చేసినాయన చెప్పింది కరెక్టే.

గంటల తేడా గుర్తులేకపోయినా చిట్కా ఒకటుంది. పోయే టికెట్, వచ్చే టికెట్ మీద ఎక్కే టైమ్‌కీ దిగే టైమ్‌కీ మధ్య కనిపించే గంటలు రెండూ కూడి సగం చెయ్యండి. 2:30, 4:55 కూడితే 7:25, సగం 3 గంటల 42 నిమిషాలు. గాలివాటం గారు గాలి లేకుండా వేసిన లెక్క 3:41. గంటన్నర ఒకసారి తగ్గి, ఒకసారి కలిసి, దానంతటది కొట్టుకుపోతుంది. ఏ దేశానికైనా పనిచేస్తుంది, పోనూ రానూ ఒకే రకం సర్వీసు అయితే చాలు.

ఇప్పుడు అసలు ప్రమాదం. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్ మీద 12వ తారీకు 04:00 అని ఉంటే ఇల్లు కదలాల్సింది 11వ తారీకు సాయంత్రం. 12న రాత్రికి పెట్టె సర్దుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చేవాళ్లు ఉంటారు, విమానం పోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. తారీకు కాకుండా వారం పేరుతో ఇంట్లో అందరికీ చెప్పండి: "ఆదివారం రాత్రి అన్నం తిని బయల్దేరాలి" అన్నట్టు.

4:00 నుంచి వెనక్కి లెక్కేసుకోండి. బ్యాగేజ్ కౌంటర్ కనీసం గంట ముందు మూస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే, మీ టికెట్ మీద రాసి ఉంటుంది. అంటే 3:00 ఆఖరి గడువు, దాన్ని నమ్ముకుని రావద్దు. కౌంటర్ మామూలుగా మూడు గంటల ముందు తెరుస్తారు, 1:00కి తలుపు దగ్గర ఉండండి. జగిత్యాల నుంచి కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ అనే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీ తగలదు. నాలుగున్నర, ఐదు గంటలు వేసుకోండి. రాత్రి ఎనిమిది లోపు కారు కదలాలి, దారిలో భోజనానికి ఆగితే ఏడుకే. తలుపు దగ్గర పాస్‌పోర్టూ టికెట్టూ చూపిస్తేనే లోపలికి వదులుతారు, ఫోన్‌లో ఉన్నా ఒక కాగితం కాపీ పెట్టండి. మీ తమ్ముడు పోయేది కొలువు కోసమై, పాస్‌పోర్ట్ ఈసీఆర్ రకమైతే (విదేశీ కొలువుకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) ఇమిగ్రేషన్‌లో ఆ అనుమతి, అంటే ఈ-మైగ్రేట్ క్లియరెన్స్ అడుగుతారు. ఇది ముందే తేల్చుకోవాల్సింది, ఆ రాత్రి కౌంటర్ దగ్గర ఏమీ చేయలేరు.

వాపస్ వచ్చేటప్పుడు తీసుకెళ్లేవాళ్లకి: విమానం 2:55కి గేటు దగ్గర ఆగుతుంది. ఇమిగ్రేషన్, బ్యాగుల బెల్టు దాటి మనిషి బయటికొచ్చేసరికి 45 నిమిషాల నుంచి గంట. ఆ టైమ్‌కి రెండు మూడు గల్ఫ్ విమానాలు కలిసి దిగితే ఇంకా ఎక్కువ. ఆలస్యం ఫోన్‌లో చూసుకునేటప్పుడు ఊర్ల పేర్లతో కాదు, విమానం నంబర్‌తో వెతకండి, తారీకు మాత్రం దుబాయ్‌లో ఎక్కిన రోజుది ఇవ్వాలి. దిగే రోజు తారీకు కొడితే మరుసటి రాత్రి విమానం చూపిస్తుంది, అది "ఇంకా బయల్దేరలేదు" అనే ఉంటుంది, ఇంట్లో కంగారు పడతారు.

జగిత్యాల బస్టాండ్

అందరికీ శుక్రియా. కూడి సగం చేసుడు మంచిగుంది, టికెట్ల మీద పెట్టి చూసిన, కుదిరింది. ఇంకొక్కటి. షార్జాకు టికెట్ రెండు వేలు తక్కువున్నది, ఢిల్లీ మీద నుంచి పోయేది ఇంకా తక్కువ. దూరం, టైమ్ ఎంత పెరుగుతది? ముంబై మీద నుంచి కూడా ఉంది.

లెక్కల పంతులు

షార్జా 2,534 కి.మీ., దుబాయ్ కంటే 12 తక్కువే. రెండు విమానాశ్రయాల మధ్య గాల్లో 17–18 కి.మీ. ఉంటుంది.

ముంబై విచిత్రం చూడండి. హైదరాబాద్ – ముంబై 623, ముంబై – దుబాయ్ 1,926, మొత్తం 2,549. నేరుగా పోయే గీత ముంబైకి ఒక నలభై యాభై కి.మీ. ఉత్తరంగా పోతుంది కాబట్టి అదనంగా పడేది మూడు కిలోమీటర్లు. ఢిల్లీ అయితే 1,267, దాని మీద 2,184, మొత్తం 3,450 పైనే. తొమ్మిది వందలు ఎక్కువ.

గాలివాటం

ముంబైకి దూరం పెరగలేదు గదా అని మోసపోవద్దు. ఇంకోసారి లేవడం, దిగడం, రెండుసార్లు రన్‌వే నడక, రెండోసారి నెమ్మదిగా ఎత్తు అందుకోవడం, వీటికే గంట అదనం. మధ్యలో ఆగేది వేరు. ఢిల్లీకైతే ఇంకో చిక్కు: 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానసంస్థలకు మూసింది. మన సంస్థల విమానాలు ఢిల్లీ నుంచి దుబాయ్‌కి గుజరాత్ వైపు దిగి సముద్రం మీదుగా పోవాల్సి వస్తోంది, కాబట్టి 2,184 అనేది వాళ్లకి కాగితం మీది దూరమే. మూసివేత ఎత్తేశారేమో టికెట్ తీసుకునే ముందు చూసుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా పోయే గీత పాకిస్తాన్ నేలని తాకదు, అరేబియా సముద్రం మీదుగా పోతుంది.

టికెట్ కిటికీ

షార్జా టికెట్‌లో మిగిలే రెండు వేలు ఎవరు ఎక్కడికి పోవాలన్న దాని మీద ఉంటుంది. కంపెనీ క్యాంపు షార్జాలోనో అజ్మాన్‌లోనో ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. దుబాయ్ దక్షిణాన, జెబెల్ అలీ వైపు అయితే పొద్దున ఏడు దాటాక షార్జా – దుబాయ్ రోడ్డు మీద గంటన్నర పోవచ్చు, టాక్సీకి ఆ రెండు వేలూ అయిపోతాయి, షార్జాలో మెట్రో లేదు. దుబాయ్‌లో కూడా టెర్మినల్ చూసుకోండి: 1, 3 టెర్మినళ్లకి మెట్రో స్టేషన్ ఉంది, 2కి లేదు, అది రన్‌వేలకి అవతలి పక్క. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి విమానం నంబరుతో పాటు టెర్మినల్ నంబర్ కూడా పంపండి, తప్పు టెర్మినల్‌కి పోతే మళ్లీ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి.

ఢిల్లీ, ముంబై టికెట్లు ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా లేవా చూడండి. వేర్వేరుగా కొన్నవైతే మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు, బ్యాగు కూడా మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అలాంటప్పుడు మధ్యలో కనీసం నాలుగు గంటలు లేకపోతే వద్దు.